ఇంటి సంగీతం - విద్యుత్ రక్షణ

ఉద్దేశం

నిత్యజీవితంలో వాడే యంత్రపరికరాల విషయంలో ప్రకటనల మీదగాని, వదంతుల మీదగాని ఆధారపడక, కారణకార్య సంబంధాన్ని పరిశీలించి నిర్ణయం తీసుకొనే వివేకాన్ని విద్యార్థులలో పెంపొందించడం, శాస్త్ర విషయాలను తెలుగులో స్పష్టంగా వివరించే పద్ధతిని పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగ పరిచయం

ప్రస్తుత పాఠం వ్యాస ప్రక్రియకు చెందినది. సమాసమంటే సంగ్రహించడం, వ్యాసమంటే విస్తరించడం. ఒక విషయాన్ని ఎన్నుకొని, దానిని భాగాలుగా విభజించి, ఉదాహరణలతో వివరించి, చివరకు ఒక నిర్ణయానికి రావడం వ్యాస లక్షణం. ఇంటిలో సంగీతం వినడానికి ఉపయోగించే పరికరాలకు సర్జ్ ప్రొటెక్టర్, పవర్ కండిషనర్ వంటి సాధనాలు ఎంతవరకు మేలు చేస్తాయో ఈ వైజ్ఞానిక వ్యాసం చర్చిస్తుంది.

పాఠం

ఒకప్పుడు సంగీతం వినాలంటే మనిషి సభకో, దేవాలయ ప్రాంగణానికో వెళ్ళవలసి వచ్చేది. గ్రామఫోను, రేడియో వచ్చిన తరువాత సంగీతమే మనిషి ఇంటికి వచ్చింది. 1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైన తరువాత కోస్తా జిల్లాలలో రేడియో కుటుంబ సభ్యులలో ఒకటిగా కలిసిపోయింది. తరువాత టేపురికార్డరు, సి.డి. ప్లేయరు, హోమ్ థియేటరు వరుసగా వచ్చాయి. పరికరం మారినా వీటన్నింటికీ ఆధారం ఒక్కటే. అది గోడలోని ప్లగ్గు నుంచి వచ్చే విద్యుత్తు. ఆ విద్యుత్తు బాగుంటేనే పరికరం బాగుంటుందన్నది అందరికీ తెలిసిన సత్యం. అయితే దానిని బాగుచేస్తామని చెప్పే ప్రతి సాధనమూ నిజంగా బాగుచేస్తుందా అన్నది ఆలోచించవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్నను ఒక ఇంటి ఉదాహరణతో పరిశీలించవచ్చు. కోస్తాలోని ఒక చిన్న పట్టణంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఉన్నాడనుకుందాం. ఆయన సంగీతాభిమాని. ఆయన తండ్రి హరికథకుడు. 1980వ దశకంలో ఆ తండ్రి చెప్పిన కథలను నాలుగు క్యాసెట్లలో పదిలపరిచారు. ఆ కంఠం ఈ లోకంలో మిగిలి ఉన్నది ఆ క్యాసెట్లలోనే. వాటిని వినిపించే పాత డెక్కు పాడైతే దానికి విడిభాగాలు దొరకడం కష్టం. కొంతకాలంగా ఆంప్లిఫయరు నుంచి పాటతోపాటు సన్నని గుంయిమనే ధ్వని వినిపించసాగింది. పైగా వేసవి గాలివానలు దగ్గరపడుతున్నాయి. దుకాణదారు ఒక ఖరీదైన పవర్ కండిషనరును చూపించి, "మాస్టారూ, ఇది పెట్టారంటే ఆ గోల పోతుంది, పిడుగు పడ్డా మీ పెట్టెకు భయం ఉండదు, పాట కూడా తేటగా వినిపిస్తుంది" అన్నాడు. దాని ధర ఆయన రెండు నెలల పింఛనుకు సమానం. దుకాణదారు మాటలో మూడు వాగ్దానాలు ఉన్నాయి. వాటిని విడివిడిగా పరీక్షించడమే వివేకం.

విద్యుత్తులోని దోషాలు

మన ఇళ్ళకు సరఫరా అయ్యేది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. అది సెకనుకు 50 ఆవర్తనాలు చేస్తుంది. 230 అన్నది ఒక విధమైన సగటు విలువ. ప్రతి ఆవర్తనంలోనూ వోల్టేజి సుమారు 325 వరకు ఎగసి, మరల సున్నకు దిగి, వ్యతిరేక దిశలో అంతే ఎత్తుకు చేరుతుంది. ఈ క్రమానికి మూడు రకాల దోషాలు కలుగుతాయి.

మొదటిది వోల్టేజి హెచ్చుతగ్గులు. సాయంత్రం దీపాలు మందగించడం, అర్ధరాత్రి మిక్కిలి ప్రకాశించడం ఇందుకు నిదర్శనం. ఇవి నిమిషాలు, గంటలు కొనసాగుతాయి. మూడు ఫేజుల సరఫరాలో న్యూట్రల్ తీగ తెగిపోతే కొన్ని ఇళ్ళకు 230కి బదులుగా దాదాపు 400 వోల్టుల వరకు రావచ్చు. వీధిలో ఒకేసారి అనేక టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోవడానికి తరచుగా కారణం ఇదే.

రెండవది సర్జ్, అంటే విద్యుత్ ఉప్పెన. ఇది సెకనులో పదిలక్షల వంతులతో లెక్కించదగిన అతిస్వల్పకాలంలో వచ్చిపోతుంది. కాని ఆ క్షణంలో వోల్టేజి వేలకు చేరవచ్చు. సమీపంలో పిడుగుపాటు, పెద్ద మోటార్లు ఆగడం, సరఫరా వ్యవస్థలో స్విచ్చులు మారడం దీనికి కారణాలు.

మూడవది రొద. ఫ్యాను రెగ్యులేటరు తిప్పినప్పుడు రేడియోలో వినిపించే బరబరలు, మిక్సీ వేసినప్పుడు వచ్చే గరగరలు ఈ కోవకు చెందుతాయి. ఇది పరికరాన్ని పాడుచేయదు, వినికిడిని మాత్రమే పాడుచేస్తుంది.

మూడు రోగాలకు మూడు మందులు ఉన్నాయి. హెచ్చుతగ్గులకు స్టెబిలైజరు, ఉప్పెనకు సర్జ్ ప్రొటెక్టరు, రొదకు ఫిల్టరు. పవర్ కండిషనరు పేరుతో అమ్మే వాటిలో కొన్ని ఫిల్టరును మాత్రమే కలిగి ఉంటాయి, కొన్ని ఫిల్టరుకు సర్జ్ రక్షణను జోడిస్తాయి, మరికొన్ని వోల్టేజిని కూడా సరిదిద్దుతాయి. పేరును బట్టి గుణాన్ని నిర్ణయించడం పొరపాటు. లోపల ఏమున్నదో తెలుసుకున్న తరువాతనే కొనడం యుక్తం.

చెరువుకు అలుగు

సర్జ్ ప్రొటెక్టరు పనితీరు తెలుగువారికి సులభంగా బోధపడుతుంది. కాకతీయుల కాలంనాటి రామప్ప, పాకాల వంటి చెరువులకు కట్టతోపాటు అలుగు ఉంటుంది. దానినే తెలంగాణలో మత్తడి అంటారు. నీరు హద్దులో ఉన్నంతకాలం అలుగు ఊరక ఉంటుంది. హద్దు దాటిన నీటిని మాత్రం బయటికి పంపి కట్టను కాపాడుతుంది. సర్జ్ ప్రొటెక్టరులో ఈ పనిని వేరిస్టర్ అనే చిన్న బిళ్ళ చేస్తుంది. దీనిని ప్రధానంగా జింక్ ఆక్సైడుతో తయారుచేస్తారు. మామూలు వోల్టేజి వద్ద అది దాదాపు విద్యుద్బంధకంగా ఉంటుంది. వోల్టేజి హద్దు మీరగానే వాహకంగా మారి, అదనపు విద్యుత్తును పక్కదారి పట్టిస్తుంది. ఉప్పెన తగ్గగానే మళ్ళీ పూర్వస్థితికి వస్తుంది.

ఈ ఉపమానంలోనే ప్రొటెక్టరు పరిమితులు కూడా ఇమిడి ఉన్నాయి. అలుగు దాటిన నీరు పోవడానికి వాగు ఉండాలి. వాగు పూడుకొనిపోతే అలుగు ఉన్నా ఊరికి ముంపు తప్పదు. ప్రొటెక్టరుకు ఆ వాగు వంటిది ఎర్త్. ఫేజు, న్యూట్రల్‌ల మధ్య ఉన్న వేరిస్టరు ఎర్త్ లేకున్నా పనిచేస్తుంది గాని, ఎర్త్‌కు కలిపిన వేరిస్టర్లు ఎర్త్ తీగ లేనిచోట నిష్ప్రయోజనం. ప్లగ్గులో మూడవ రంధ్రం ఉన్నంతమాత్రాన దాని వెనుక ఎర్త్ ఉన్నదని నమ్మరాదు. బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన ఎర్త్ గుంత వేసవిలో ఎండిపోతే దాని శక్తి తగ్గిపోతుంది. పెద్దలు ఆ గుంతలో అప్పుడప్పుడు నీళ్ళు పోయించడం ఇందుకే. ఎర్త్ కాపాడేది యంత్రాన్ని మాత్రమే కాదు. లోపల తీగ తెగి లోహపు పెట్టెకు తగిలినప్పుడు దానిని ముట్టుకొన్న మనిషి ప్రాణాన్ని కాపాడేది కూడా అదే.

రెండవ పరిమితి కాలానికి సంబంధించింది. అలుగు వరదను దాటిస్తుంది గాని, నదిని మోయలేదు. వేరిస్టరు క్షణకాలపు ఉప్పెనను తట్టుకొంటుంది గాని, న్యూట్రల్ తెగినప్పటివలె నిమిషాల తరబడి వచ్చే అధిక వోల్టేజిని భరించలేదు. అప్పుడది వేడెక్కి కాలిపోతుంది, ఒక్కొక్కప్పుడు నిప్పు కూడా అంటుకొంటుంది. అందువల్ల వేడెక్కగానే సంబంధాన్ని తెంచే ఏర్పాటు ఉన్న ప్రొటెక్టరునే ఎన్నుకోవాలి. అధిక వోల్టేజికి వేరే రక్షణ అవసరం. హద్దు మించగానే సరఫరాను నిలిపివేసే ఏర్పాటు ఉన్న స్టెబిలైజరు ఆ పని చేస్తుంది.

మూడవది ఆయుఃపరిమితి. ప్రతి పెద్ద ఉప్పెనా వేరిస్టరును కొంత క్షీణింపజేస్తుంది. పైకి చూస్తే అది ఎప్పటివలెనే ఉంటుంది. రక్షణ మిగిలి ఉన్నదని తెలిపే చిన్న దీపం ఉన్న ప్రొటెక్టరు అయితే దానిని గమనిస్తూ, ఆరిపోయినప్పుడు మార్చివేయాలి.

ఇక పిడుగు సంగతి. మెరుపు విద్యుత్తేనని నిరూపించడానికి 1752లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ గాలిపటంతో ప్రయోగం చేశాడు. ఒక్క పిడుగులో సుమారు 30 వేల ఆంపియర్ల విద్యుత్తు ప్రవహించగలదు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల వ్యవధిలో 36 వేలకు పైగా పిడుగులు నమోదైనాయి. దూరాన పడిన పిడుగు వల్ల తీగలలో కలిగే ఉప్పెనను ప్రొటెక్టరు అడ్డుకోగలదు. ఇంటిమీదనే పడిన పిడుగును బల్ల మీది ఏ పెట్టె కూడా ఆపలేదు. పైగా ఉప్పెన విద్యుత్ తీగ ద్వారానే రావాలన్న నియమం లేదు. కేబుల్ టీవీ తీగ, యాంటెనా తీగ కూడా దానికి దారులే. మబ్బు పట్టగానే, ఉరుములు దగ్గరపడకముందే, ప్లగ్గును, కేబులును ఊడదీయడం అన్నింటికంటే ఉత్తమమైన రక్షణ. దానికి ఖర్చు లేదు.

కండిషనరు - నాదశుద్ధి

దుకాణదారు చెప్పిన "తేట" విషయం ఇప్పుడు చూడాలి. ఆంప్లిఫయరు గోడలోని ఏకాంతర విద్యుత్తును నేరుగా వాడుకోదు. దానిలోని ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని తగ్గిస్తుంది. డయోడ్లు దానిని ఏకముఖ విద్యుత్తుగా మారుస్తాయి. పెద్ద కెపాసిటర్లు దానిని నిలువచేసి నిలకడగా అందిస్తాయి. మునిసిపాలిటీ కుళాయి నీరు ఒకసారి జోరుగా, ఒకసారి సన్నగా వచ్చినా, మేడమీది ట్యాంకు నుంచి దిగే నీటిధార సమంగానే ఉంటుంది. కెపాసిటర్లు ఆ ట్యాంకు వంటివి. అంటే చక్కగా తయారైన ప్రతి ఆంప్లిఫయరులోనూ ఒక శుద్ధియంత్రం ముందుగానే ఉన్నది. వెలుపల మరొక శుద్ధియంత్రాన్ని చేర్చినందువల్ల చెవికి తెలిసేంత మార్పు సాధారణంగా రాదు.

అయితే "ఎన్నడూ ప్రయోజనం లేదు" అనడం కూడా న్యాయం కాదు. పరికరంలోని వడపోత నాసిరకమైనప్పుడు, పక్కనే వర్క్‌షాపు వంటివి ఉండి విద్యుత్తులో రొద మితిమీరినప్పుడు, ఫిల్టరు వల్ల గరగరలు తగ్గవచ్చు. మీడియం వేవ్ రేడియోలో తీగ ద్వారా వచ్చే బరబరలు తగ్గుతాయి. గాలి ద్వారా వచ్చేవి మాత్రం తగ్గవు. మరోవైపు, చాలినంత సామర్థ్యం లేని కండిషనరును పెద్ద ఆంప్లిఫయరుకు తగిలిస్తే, గట్టిగా వినిపించేటప్పుడు దానికి కావలసిన విద్యుత్తు అందక నష్టమే కలుగవచ్చు.

గుంయిమనే ధ్వనికి మూలం చాలా సందర్భాలలో విద్యుత్తులోని మాలిన్యం కాదు. ఆంప్లిఫయరు ఒకచోట, దానికి కలిపిన కేబుల్ టీవీ తీగ మరొకచోట భూమికి కలిసి ఉన్నప్పుడు, ఆ రెండింటి మధ్య ఒక వలయం ఏర్పడుతుంది. ఆ వలయంలో ప్రవహించే స్వల్ప విద్యుత్తు పాటలో కలిసి మోతగా వినిపిస్తుంది. దీనిని గ్రౌండ్ లూప్ అంటారు. దీనికి కండిషనరు మందు కాదు, వలయాన్ని తెంచడమే మందు. అలాగని ఎర్త్ పిన్నును విరిచివేయడం ప్రాణాంతకం. కేబుల్ తీగలో చిన్న ఐసోలేటరును అమర్చడం సరియైన మార్గం.

ప్రమాణ విచారం

"నేను స్వయంగా విన్నాను, తేడా ఉన్నది" అనేవారు కొందరు ఉంటారు. మన తార్కికులు జ్ఞానానికి ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలు చెప్పారు. వాటిలో ప్రత్యక్షం మొదటిది. అయినా, త్రాడును చూచి పామని భ్రమపడటం కూడా కంటితోనే జరుగుతుందని వారే హెచ్చరించారు. ఎక్కువ ధర పెట్టి కొన్న వస్తువు మేలు చేయాలని మనస్సు కోరుకుంటుంది. కోరుకున్నదే చెవి వింటుంది. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగినంతమాత్రాన ఒకటి మరొకదానికి కారణం కాదు. దీనినే కాకతాళీయ న్యాయం అన్నారు.

ప్రత్యక్షాన్ని శుద్ధిచేయడానికి సులభమైన పరీక్ష ఉన్నది. ఒకే పాటను, ఒకే బిగ్గరతనంతో, కండిషనరు ఉన్నప్పుడు, లేనప్పుడు వినిపించాలి. ఏది ఎప్పుడు పెట్టారో వినేవారికి తెలియకూడదు. నాణెం ఎగురవేసి ఆ క్రమాన్ని నిర్ణయించాలి. ఇలా పదిసార్లు చేయాలి. ఊహతో చెప్పేవారికి సగటున అయిదు సరిపోతాయి. కేవలం ఊహతో తొమ్మిది లేదా పది సరిగా చెప్పే అవకాశం వందకు సుమారు ఒకటి మాత్రమే. కనుక తొమ్మిదింటిని సరిగా గుర్తించినవారి మాటను నమ్మవచ్చు. ఆరింటిని గుర్తించినవారు తమ డబ్బును దాచుకోవచ్చు.

నిర్ణయం

మన ఉదాహరణలోని ఉపాధ్యాయుడు కండిషనరు కొనక ముందు అనుభవజ్ఞుడైన ఎలక్ట్రీషియన్‌ను పిలిచాడనుకుందాం. అతడు ముందుగా ఆంప్లిఫయరు నుంచి కేబుల్ టీవీ తీగను తప్పించాడు. గుంయిమనే ధ్వని ఆగిపోయింది. తరువాత ఎర్త్‌ను పరీక్షించాడు. పరీక్షదీపం మినుకుమినుకుమన్నది. "అయ్యగారూ, గుంత ఎండిపోయింది. ముందు దీన్ని బాగుచేయిద్దాం. మీరు పెట్టె మీద చెయ్యి వేస్తారు కదా!" అన్నాడు. ఎర్త్ గుంతను మళ్ళీ కట్టించి, కేబుల్ తీగకు ఐసోలేటరు అమర్చి, వేడెక్కితే ఆగిపోయే సర్జ్ ప్రొటెక్టరును, అధిక వోల్టేజికి సరఫరాను తెంచే స్టెబిలైజరును పెట్టారు. అంతా కలిపి కండిషనరు ధరలో కొద్ది భాగమే అయింది.

ఇంతచేసినా అన్ని ప్రమాదాలూ తొలగిపోలేదు. యంత్రం ఎంత భద్రంగా ఉన్నా క్యాసెట్టులోని టేపు కాలక్రమంలో క్షీణిస్తుంది. అందువల్ల మిగిలిన డబ్బుతో ఆ ఉపాధ్యాయుడు తండ్రి హరికథలను కంప్యూటరులోకి ఎక్కించి, ఒక ప్రతిని హైదరాబాదులోని కుమార్తెకు పంపించాడు. ఆయన నిజంగా కాపాడదలచినది పెట్టెను కాదు, దానిలోనుంచి పలికే కంఠాన్ని. దేనిని రక్షించాలో తెలిసినప్పుడే ఎటువంటి రక్షణ కావాలో తెలుస్తుంది.

కఠిన పదాలకు అర్థాలు

వదంతి = పుకారు, గాలివార్త
ఆవర్తనం = మరల మరల తిరిగి రావడం
విద్యుద్బంధకం = విద్యుత్తును ప్రవహింపనీయని పదార్థం
వాహకం = విద్యుత్తును ప్రవహింపజేసే పదార్థం
అలుగు = చెరువులో మిగులు నీరు పొర్లిపోయే చోటు, మత్తడి
ఏకముఖ విద్యుత్తు = ఒకే దిశలో ప్రవహించే విద్యుత్తు
మాలిన్యం = మురికి, దోషం
కాకతాళీయం = అనుకోకుండా ఒకేసారి జరిగింది

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. సర్జ్ ప్రొటెక్టరు పనితీరును, దాని పరిమితులను చెరువు అలుగుతో పోల్చి వివరించండి.
2. పవర్ కండిషనరు వల్ల నాదశుద్ధి కలుగుతుందనే వాదాన్ని పాఠం ఆధారంగా సమీక్షించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ఇంటికి వచ్చే విద్యుత్తులోని మూడు దోషాలు ఏవి?
2. గ్రౌండ్ లూప్ ఎలా ఏర్పడుతుంది? దాని నివారణ ఏమిటి?
3. విన్న తేడా నిజమో భ్రమో తెలుసుకొనే పరీక్షను వివరించండి.

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. వేరిస్టరును ప్రధానంగా దేనితో తయారుచేస్తారు?
2. ఖర్చు లేని ఉత్తమ పిడుగు రక్షణ ఏది?
3. తార్కికులు చెప్పిన నాలుగు ప్రమాణాలు ఏవి?

వ్యాకరణాంశాలు

సంధులు
సంగీతాభిమాని = సంగీత + అభిమాని - సవర్ణదీర్ఘ సంధి
ప్రత్యక్షం = ప్రతి + అక్షం - యణాదేశ సంధి
విద్యుద్బంధకం = విద్యుత్ + బంధకం - జశ్త్వ సంధి

సమాసాలు
నాదశుద్ధి = నాదము యొక్క శుద్ధి - షష్ఠీ తత్పురుష సమాసం
హెచ్చుతగ్గులు = హెచ్చును, తగ్గును - ద్వంద్వ సమాసం
నాలుగు ప్రమాణాలు = నాలుగైన ప్రమాణాలు - ద్విగు సమాసం

భాషాకృత్యం
మీ ఇంటిలోని ఏదైనా ఒక విద్యుత్ పరికరం గురించి ప్రకటనలో చెప్పిన వాగ్దానాలను వరుసగా రాసి, వాటిలో ఒక్కొక్కదానిని పరీక్షించే విధానాన్ని పది వాక్యాలలో వివరించండి.